కత్తిరించిన పదకొండు ముక్కలు

ధనుంజయ చేసిన పాఠాలకు వంక పెట్టడానికి లేదు. ఆ మాట అందరికంటే ముందు అతనే అనేవాడు.

ప్రోగ్రాములు రాయడం బొత్తిగా తెలియనివాళ్ల కోసం తెలుగులో నలభై వీడియో పాఠాలు చేసి, ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టాడు. రెండేళ్ల ఆదివారాలన్నీ వాటికే ధారపోశాడు. గొంతు స్పష్టంగా ఉంటుంది, అక్షరాలు పెద్దవిగా ఉంటాయి, ఎక్కడా తడబాటు లేదు. మూడో పాఠం దాకా రెండు వేలమంది వచ్చారు. నాలుగోదానికి నలభైమంది మిగిలారు.

"జనానికి ఓపిక లేదు" అనుకున్నాడు. అలా అనుకోవడం కొన్నాళ్లు హాయిగానే ఉంది.

తర్వాత నూకరత్నం అనే ఆవిడ మెయిల్ రాసింది. తుని దగ్గర ఒక ఊళ్లో అంగన్‌వాడీ టీచరు.

"అయ్యా, మీ మూడో పాఠం చేస్తుంటే తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. మీకు రాలేదు, నాకే వచ్చాయి. కంప్యూటరు మా మరిదిది. పాడుచేశానేమోనని భయపడి కట్టేశాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇది నాలాంటివాళ్లకి కాదని తెలిసింది. మీ టైము పాడుచేసినందుకు క్షమించండి."

అది చదివాక ధనుంజయకు అన్నం సహించలేదు. నేర్పుదామని మొదలుపెట్టి, ఒక మనిషికి తన మీద తనకున్న కాస్త నమ్మకాన్నీ పోగొట్టాడు. పాఠాలన్నీ తీసేద్దామనుకున్నాడు. తీసేసేముందు గురువుగారికి ఒకసారి చూపిద్దామని ఏలూరు బస్సెక్కాడు.

గురువుగారంటే లూర్దమ్మగారు. పాలిటెక్నిక్‌లో ముప్పై ఏళ్లు ప్రోగ్రామింగ్ చెప్పి రిటైరయ్యారు. అతను వెళ్లేసరికి వరండాలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు. అతను అచ్చు తీసి తెచ్చిన ఆ ఉత్తరం చదివి, మడిచి పక్కన పెట్టారు. అతను వెంట తెచ్చిన కంప్యూటరులో మూడో పాఠం చూపించమన్నారు.

పాఠం చిన్నదే. పేరు, పుట్టిన సంవత్సరం అడిగి, వయసు ఎంతో చెప్పే ప్రోగ్రాము. ఆరు నిమిషాల్లో అయిపోయింది.

"బాగుంది. ఇది రికార్డు చేసేటప్పుడు నీకు ఎర్ర అక్షరాలు రాలేదా?"

"ఎందుకు రావు మేడమ్? పదకొండుసార్లు వచ్చాయి. కత్తిరించేశాను."

"ఆ ముక్కలు ఉన్నాయా, పారేశావా?"

"ఉన్నాయి."

"చూపించు."

అతనికి సిగ్గేసింది. అయినా చూపించాడు. ఒక ముక్కలో తల గోక్కుంటున్నాడు. ఒకదానిలో ఎర్ర అక్షరాలను వేలితో కూడబలుక్కుని చదువుతున్నాడు. ఇంకోదానిలో "ఓరి నీ తెలివి తెల్లారినట్టే ఉంది" అని తనను తానే తిట్టుకుని, తప్పెక్కడో దొరికాక పకపకా నవ్వాడు. లూర్దమ్మగారు చిక్కుడుకాయలు పక్కనపెట్టి పదకొండూ చూశారు.

"ఎందుకు తీసేశావు?"

"పాఠంలో తప్పులుంటే ఏం బాగుంటుంది మేడమ్?"

ఆవిడ చేతులు తుడుచుకుని కంప్యూటరును తనవైపు తిప్పుకున్నారు.

"అదే ప్రోగ్రాము నేను కొడతాను. నువ్వు ఊరికే కూర్చో."

రెండు వేళ్లతో మెల్లగా కొట్టారు. చివర్న మీట నొక్కారు. తెర నిండా ఎర్ర అక్షరాలు వచ్చాయి.

"అరెరె, ఏమైందిది?" అన్నారు.

"మేడమ్, అక్కడ..." ధనుంజయ వేలు అప్పటికే తెర మీదికి వెళ్లింది. "రెండో వరసలో. కొటేషన్ గుర్తు తెరిచారు, మూయలేదు."

"ఎక్కడా?" అంటూ ఆవిడ అతనివైపు తిరిగారు.

ఆ మొహం అతను ఇదివరకు చూశాడు.

ఇరవై ఏళ్ల కిందట, పాలిటెక్నిక్‌లో చేరిన మూడో వారం. పదో తరగతి దాకా తెలుగులో చదివి వచ్చినవాడు, క్లాసులో ఒక్క ముక్క అర్థంకాక, సాయంత్రం బస్సుకు ఇంటికి పోదామని పెట్టె సర్దుకుని, చివరి బెంచీలో కూర్చున్నాడు. లూర్దమ్మగారు బోర్డు మీద ప్రోగ్రాము రాస్తున్నారు. ఒక వరస చివర పెట్టాల్సిన గుర్తు పెట్టలేదు. ఎవరూ పలకలేదు. తనకే కనిపించింది. లేచి "మేడమ్, అక్కడ..." అన్నాడు. "ఎక్కడా?" అంటూ ఆవిడ అచ్చం ఇలాగే తిరిగారు. సుద్దముక్క అతని చేతికిచ్చి దిద్దమన్నారు. ఆ సాయంత్రం అతను బస్సెక్కలేదు. ఇవాళ్టి ఉద్యోగం, ఇల్లు, ఈ నలభై పాఠాలు, అన్నీ ఆ సుద్దముక్కతో మొదలయ్యాయి.

ఆ తర్వాత మూడేళ్లూ ఆవిడ బోర్డు మీద రోజుకో తప్పు రాసేవారు. పెద్దావిడ, మతిమరుపు అనుకుని వెనక బెంచీల్లో నవ్వుకునేవాళ్లు. రోజుకొకరు లేచి దిద్దేవారు. ఎవరూ కాలేజీ మానలేదు.

ధనుంజయ వేలు తెర దగ్గరే ఆగిపోయింది.

"మేడమ్, ఆ రోజుల్లో బోర్డు మీద... అవన్నీ మీరు కావాలనే రాశారా?"

"పొయ్యి మీద ఎసరు పెట్టాను. భోంచేసి వెళ్లు" అని లూర్దమ్మగారు చిక్కుడుకాయల పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లారు.

ధనుంజయ ఇంటికి వచ్చి మూడో పాఠంలో పదకొండు ముక్కలూ ఎక్కడివక్కడ అతికించాడు. ఆరు నిమిషాల పాఠం నలభై నిమిషాలైంది. నూకరత్నానికి ఇలా రాశాడు: "అమ్మా, మీ కంప్యూటరుకు ఏమీ కాలేదు. ఆ ఎర్ర అక్షరాలు నాకు పదకొండుసార్లు వచ్చాయి. కొత్త పాఠంలో అన్నీ ఉంచాను. వీలైతే చూడండి."

తొమ్మిది రోజులు జవాబు లేదు. ఇక రాదనుకున్నాడు. పదో రోజు వచ్చింది.

"సార్, చూశాను. నాకు పద్నాలుగుసార్లు వచ్చాయి. చివరికి ఆడింది. మా సెంటర్లో పిల్లల వయసులన్నీ వేసి చూశాను. ఒక చిన్న విషయం, తప్పయితే క్షమించండి. ఇంకా పుట్టినరోజు రానివాళ్లకి మీ ప్రోగ్రాము ఒక ఏడాది ఎక్కువ చెబుతోంది. మేము పిల్లలకి నెలలు కూడా రాస్తాం కాబట్టి కనిపించింది. పుట్టిన నెల కూడా అడిగేలా రాసుకున్నాను. ఇప్పుడు అందరివీ సరిపోతున్నాయి."

కింద తను రాసిన ప్రోగ్రాము పెట్టింది. ధనుంజయ దాన్ని ఆడించి చూశాడు. సరిగ్గా ఉంది.

అతను పుట్టింది డిసెంబరులో. జూన్‌లో ఆ పాఠం రికార్డు చేస్తూ తన పేరే కొట్టాడు. తెర అతని వయసు ఒక ఏడాది ఎక్కువ చూపిస్తే, గమనించకుండానే దాటిపోయాడు. రెండు వేలమంది చూశారు, వాళ్లలో ఇంజనీర్లున్నారు. ఒక్కరూ చెప్పలేదు. ఇది నాలాంటివాళ్లకి కాదని రాసినావిడ చెప్పింది.

మర్నాడు ఆ జవాబు అచ్చు తీసి, మళ్లీ ఏలూరు వెళ్లి గురువుగారి చేతిలో పెట్టాడు. లూర్దమ్మగారు రెండుసార్లు చదివారు. కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు.

"ఈ తప్పు నువ్వు కావాలని పెట్టావా?"

"లేదు మేడమ్. ఉన్నట్టు నాకు తెలియనే తెలియదు."

"బోర్డు మీద నా మొదటి తప్పూ అంతే" అన్నారు లూర్దమ్మగారు.