మూడు పూతల కింద మసి

రాజలింగం మేస్త్రికి ఒక అలవాటు. ఎవరైనా ప్రశ్న అడిగితే అప్పటికప్పుడు జవాబు చెప్పడు. చేతిలోని తాపీ కడిగి, తుడిచి, సంచిలో పెట్టుకుని, "రేపు రా" అంటాడు. రేపు వెళితే ఆయన చెప్పేదేమీ ఉండదు, చూసేదేదో ఉంటుంది. హనుమకొండ చుట్టుపక్కల నలభై ఏళ్ళుగా గోడలు లేపిన ఆ మనిషి దగ్గర డిప్లొమాలు చదివిన పిల్లలు కూడా పని నేర్చుకునేవారు. అందరూ ఆయన్ని తాతా అనే పిలిచేవారు.

వాళ్ళలో కావేరికి కోపం ఎక్కువ, చదువు ఇంకా ఎక్కువ. స్కూటీ డిక్కీలో కొలత టేపు పక్కన ఎప్పుడూ ఒక పుస్తకం ఉండేది. శ్రమే సంపదకు తల్లి అనీ, కట్టిన చేతులదే ఇల్లు అనీ ఆమె కూలీలకు చెప్పేది. వాళ్ళు మర్యాదగా తలలూపేవారు. మంచి పిల్లే గానీ సరిగ్గా అన్నాల వేళకే మొదలుపెడుతుందని చాటుగా నవ్వుకునేవారు.

ఆ ఏడు వాళ్ళ చేతిలో ఉన్నది పళ్ళ డాక్టర్ విద్యాసాగర్ ఇల్లు. కట్టినది కొనుక్కోవడం కాదు, ప్రతి అంగుళం తన మనసులో ఉన్నట్టే కట్టించుకోవాలని ఆయన పంతం. మెట్లు ముందు తిన్నగా కట్టించాడు, తర్వాత వంపు తిప్పించాడు, అదీ నచ్చక మళ్ళీ తిన్నగానే చేయించాడు. జామచెట్టు కనబడాలని వంటింటి కిటికీ కిందికి దించాడు. తీరా కారు తిప్పడానికి అడ్డమొస్తోందని ఆ చెట్టునే కొట్టించాడు. అరవై లక్షల అంచనా కోటి దాటింది. ప్రతి బిల్లూ కావేరే రాసింది. గృహప్రవేశానికి ముందురోజు ఆమె లెక్కల పుస్తకం మూసి అడిగింది.

"తాతా, బిల్లులన్నీ సరిపోయినయి. అయినా ఈ ఇల్లు ఎంత తిన్నదో నాకు తెలిసినట్టు లేదు. ఒక ఇంటికి నిజంగా ఎంతయితది?"

రాజలింగం తాపీ తుడిచి సంచిలో పెట్టాడు. రేపు పొద్దుగాలే రమ్మన్నాడు. పుస్తకం మరిచిపోవద్దన్నాడు.

ఆ సాయంత్రం గేటు దగ్గర చెన్నమ్మ కావేరిని ఆపింది. చెన్నమ్మా ఆమె భర్త బాలకిష్టయ్యా పాలమూరు నుంచి వచ్చి రెండేళ్ళుగా ఆ ఇంటికి కాపలా ఉన్నారు. గోడ లేచిన ప్రతిసారీ రోజుకు మూడు పూటలు దానికి నీళ్ళు కొట్టింది ఆమే. పచ్చిగోడ ఒక్క పూట ఎండినా పగుళ్ళిస్తుంది. ఆ ఇంట్లో ఒక్క పగులు లేదు. అయితే నేలకు తెల్ల టైల్సు పరిచిన రోజు నుంచి ఆమెను లోపలికి రానివ్వలేదు. మర్నాడు పొద్దున, చుట్టాలు రాకముందే, గేటు పక్కనున్న రేకుల గుడిసె తీసేస్తారు. గేటు దగ్గరే ఒక చీర పెట్టి పంపేస్తారు. చెన్నమ్మ అడిగింది ఒకటే: పోయేముందు ఒక్కసారి లోపల చూసి పోతానని.

కావేరి రగిలిపోయింది. అది అడుక్కోవలసిన విషయం కాదంది. హక్కు అంది. హక్కులు ఎవరూ దానం చేయరని, పోరాడి తెచ్చుకున్న నాలుగు ఉదాహరణలు కూడా చెప్పింది. నాలుగోది పూర్తయ్యేసరికి డాక్టర్ కారు వచ్చింది, ఆయన దిగి ఇంటికి తాళం వేయించాడు. చెన్నమ్మ పొయ్యి మీద అన్నం చూసుకోవడానికి వెళ్ళిపోయింది.

మర్నాడు ముహూర్తం తొమ్మిది దాటాక. కావేరి వచ్చేసరికి గుడిసె లేదు. నేల మీద నలుచదరంగా ఒక ఎండిన మచ్చ ఉంది, అంతే. మూటలతో బాలకిష్టయ్య గేటు బయట ఆటోలో ఉన్నాడు. ముందుగా లోపలికి నడిపించాల్సిన ఆవు పసుపు, కుంకుమలతో నిలబడి అరటి తోరణం నములుతోంది.

ఇంట్లో మాత్రం పండగ కళ లేదు. వంటింటి మూల గోడ మీద అరచేతి వెడల్పున గోధుమరంగు మరక తేలింది. నిన్ననే మూడో పూత రంగు వేశారు, పొద్దుటికి మళ్ళీ పైకి వచ్చింది. కారణం అందరికీ తెలుసు. ఆ గదికి ముందే ప్లాస్టరింగ్ అయిపోయింది. మెట్ల గొడవలో పని ఎనిమిది నెలలు ఆగినప్పుడు, వానకు గుడిసె కారుతుంటే, చెన్నమ్మ ఆ మూలనే మూడు ఇటుకలు పెట్టి వండుకుంది. మసిని సరిగా గీకకుండానే రంగు కొట్టారు.

డాక్టర్ భార్య శకుంతల కంగారు మరక గురించి కాదు. కొత్త ఇంట్లో మొదటి పొయ్యి ఇల్లాలిదే కావాలి, మొదట పొంగేవి ఆమె పెట్టిన పాలే కావాలి. పంతులు వచ్చి ఆ గోడ చూస్తే ఏమంటాడోనని ఆమె భయం. డాక్టర్ రాజలింగాన్ని పక్కకు పిలిచాడు.

"మేస్త్రీ, ఎంతైనా సరే. ఈ మరక పోవాలి."

"ఎంతైనానా సారూ?"

"ఎంతైనా."

రాజలింగం కావేరి వైపు తిరిగి ఆ మాట రాసుకోమన్నాడు. తర్వాత నేరుగా గేటు దాకా నడిచి, ఆటోలో ఒక కాలు పెట్టిన చెన్నమ్మను వెనక్కి పిలుచుకొచ్చాడు. మామిడాకుల కింద, పసుపు రాసిన గడప ముందు ఆమె ఆగిపోయింది. చెప్పులు విప్పింది. ఎర్రమట్టి అంటిన, సిమెంటు నీళ్ళకు పగిలిన మడమలను చీర కుచ్చెళ్ళతో కప్పుకుంది.

ఆవు కంటే ముందు ఈమెను ఎవరు రానిచ్చారని డాక్టర్ గొంతు పెంచాడు.

"గడప నిలబెట్టింది నేనే సారూ," అన్నాడు రాజలింగం. డాక్టర్‌కు అడ్డంగా నిలబడ్డవాడు పక్కకు జరగలేదు. చెన్నమ్మ గడప దాటింది.

మరక చూడగానే ఆమెకు నవ్వొచ్చింది.

"నేనప్పుడే చెప్పిన. మసి గీకినంకనే రంగెయ్యాలె అని. ఆ పెయింటాయన ఇననే లేదు. ఇప్పుడు పోవాలంటే గోడ గీకాలె, పూటంత పని." అంతలో ఆమెకు ఏదో గుర్తొచ్చింది. "పని మళ్ళ మొదలై పైన స్లాబు పోసిన నాడు వాన దంచింది, యాదికున్నదా సారూ? మీరు తడిసి వణుక్కుంట గీ మూలకే నిలవడ్డరు. గీ పొయ్యి మీదనే పాలు కాగబెట్టి చాయ్ పోసిన. బెల్లం చాయ్. రెండు గిలాసలు తాగిండ్రు."

శకుంతల భర్త ముఖం వైపు చూసింది. ఇంట్లో మొదటి పాలు ఎప్పుడు కాగాయో, తాగింది ఎవరో, అక్కడ ఇక ఎవరూ చెప్పనవసరం లేకపోయింది.

చెన్నమ్మ ఆగలేదు. వంటిల్లు దాటి హాలు చూసింది. పడగ్గదుల్లోకి వెళ్ళి కిటికీలు తెరిచి చూసింది. మూడుసార్లు పుట్టిన మెట్లెక్కి పైగదులు చూసింది. తను నీళ్ళు పట్టిన ప్రతి గోడనూ వేలి కణుపుతో తట్టి, చప్పుడు విని, తృప్తిగా తల ఊపింది. బయట ఆటో హారను కొడుతోంది, అప్పుడే వచ్చిన పంతులు గడియారం చూసుకుంటున్నాడు, ఆవు ఎదురుచూస్తోంది. ఆమె దేనికీ తొందరపడలేదు. ఆమెను ఎవరూ ఆపలేదు. కావేరి గొంతు దాకా ఒక నినాదం వచ్చింది. రాజలింగం ఆమెను ఒక్క చూపు చూశాడు, అది అక్కడే ఆగింది.

కిందికి దిగిన చెన్నమ్మకు శకుంతల పాలగిన్నె చూపించి, నువ్వూ ఒక చెయ్యి వెయ్యమంది.

"నాయి పొంగినయి తల్లీ. ఇగ మీయి పొంగనీ," అంది చెన్నమ్మ. ఇవ్వబోయిన చీర తీసుకోలేదు. సింహద్వారం గుండానే బయటికి నడిచింది. తెల్ల టైల్సు మీద ఎర్రమట్టి అడుగులు మెట్ల నుంచి గడప దాకా పడ్డాయి. వాటి మీదుగా ఆవు లోపలికి వచ్చింది.

శకుంతల స్టౌను జరిపి మరక కిందే పెట్టించింది. పాలు పొంగాయి.

మధ్యాహ్నం డాక్టర్ ఇంటి తుది లెక్క అడిగి పంపాడు. జామచెట్టు మోడు మీద కూర్చుని కావేరి పుస్తకం తెరిచింది. 'ఎంతైనా' అన్న మాట దగ్గర ఆమె కలం ఆగింది. దాని ఎదురుగా ఏ అంకె వెయ్యాలని అడిగింది.

రాజలింగం తాపీ తుడుచుకుంటున్నాడు. ఈసారి రేపు రమ్మనలేదు.

"జాగ ఇడిసిపెట్టు బిడ్డా," అన్నాడు. "మొత్తం మాత్రం వెయ్యకు."