పోలినాయుడికి పడని మాత్ర

గెడ్డవలసలో పోలినాయుడి ఇంట్లో ముగ్గురే మనుషులు. నాయుడు, పెళ్ళాం చిన్నమ్మడు, తమ్ముడు గుంపస్వామి. తెలివి మాత్రం ముప్పైమందికి సరిపడా ఉందని వాళ్ళ నమ్మకం. ఎక్కడికైనా వెళ్తే తాళంచెవి పోతుందేమోనని దాన్ని ఇంట్లోనే పెట్టి, బయట తాళం నొక్కేసేవాళ్ళు. తిరిగొచ్చాక పెంకులు తీసి లోపలికి దిగేవాళ్ళు. "దొంగ సంగతి సరే, మనమే రాలేకపోయాం. తాళమంటే అదీ" అని నాయుడు మురిసిపోయేవాడు.

అలాంటి నాయుడికి గుండెనొప్పి వచ్చింది. పట్నం ఆసుపత్రిలో స్టెంట్ వేసి, రక్తం గడ్డకట్టకుండా మాత్రలిచ్చారు. "ఈ మాత్ర అందరికీ ఒకేలా పనిచేయదు, ఉమ్ము పరీక్ష చేయిద్దాం" అన్నారు డాక్టరుగారు.

నర్సు కరుణకుమారి చిన్న గొట్టం పట్టుకొచ్చింది. "మీ ఉమ్ములో జన్యువులుంటాయి నాయుడుగారూ. ఏ మందు మీకు సరిపోతుందో వాటిలో రాసి ఉంటుంది. కంప్యూటరు చదివి చెప్తుంది."

"నేను బడి మొహం చూడలేదమ్మా. నా ఒంట్లో ఎవరు రాశారు?"

"పుట్టుకతోనే ఉంటుందండి."

నాయుడు పెళ్ళాం వైపు తిరిగాడు. "విన్నావా, నేను కడుపులోనే చదువు పూర్తిచేసి వచ్చాను."

"అరగంట సేపు నోట్లో ఏమీ ఉండకూడదు" అంది నర్సు. అంతే. నాయుడు కట్టుడుపళ్ళు ఊడదీసి చిన్నమ్మడి చేతిలో పెట్టాడు. కాసేపు నోట్లో చెయ్యిపెట్టి పెనుగులాడి, "సిస్టరమ్మా, నాలుక మాత్రం రావడం లేదు" అన్నాడు దిగులుగా.

ఎలాగో ఉమ్ము తీసుకుని పంపారు. కొన్నాళ్ళకు నర్సు ఫోన్ చేసింది. "ఆ మాత్ర మీకు పడదండీ. వేరేది రాశారు, వచ్చి తీసుకెళ్ళండి."

ముగ్గురూ కూర్చుని ఆలోచించారు. పడకపోవడమేమిటి? చేతిలోంచి వదిలితే ఏదైనా పడుతుంది. ఇంకేముంది, చిన్నమ్మడు నిచ్చెనెక్కి మొగుడి మీదికి ఒక మాత్ర వదిలింది. భుజమ్మీద పడింది. ఇంకోటి వదిలింది. బట్టతల మీద టక్కుమని పడింది.

"శుభ్రంగా పడుతోంది మావా."

గుంపస్వామికి అనుమానం తీరక, అటకెక్కి డబ్బా మొత్తం కుమ్మరించాడు. ఒక్కటీ గాల్లో ఆగలేదు. "కంప్యూటరు సరిగ్గా చదవలేదు" అని తేల్చేసి, నాయుడు ఆ మాత్రలే ఏరుకుని మింగడం మొదలెట్టాడు.

నాలుగోరోజు గుండె మళ్ళీ పట్టేసింది. ఈసారి నాయుడు నిజంగానే భయపడ్డాడు. పెళ్ళాం చెయ్యి పట్టుకుని, "నేను పోతే పెంకులెవరు తీస్తారే" అన్నాడు. చిన్నమ్మడు గొల్లుమంది.

వేళకి ఆసుపత్రికి చేర్చారు కాబట్టి బతికాడు. కరుణకుమారి కొత్త మాత్ర దగ్గరుండి మింగించింది. "పడదంటే మీ ఒంట్లో పనిచేయదని అర్థమండీ" అని నిదానంగా విడమరిచింది. ఇంటికి పంపేటప్పుడు, "ఇది మీ ఒక్కరితో ఆగేది కాదు. మీ రక్తం పంచుకున్నవాళ్ళకూ ఉండొచ్చు. సోమవారం వాళ్ళని తీసుకురండి, పరీక్ష చేస్తాం" అంది.

ఇక నర్సు మాట జవదాటకూడదనుకున్నాడు నాయుడు. తన రక్తం ఎవరెవరు పంచుకున్నారో రెండు రోజులు ఆలోచించాడు. ఆ తర్వాత ముగ్గురూ పొలం, ఇల్లు, గెడ్డ వాగు తెగ తిరిగారు.

సోమవారం పొద్దున్నే ఆసుపత్రి ముందు ఆటో ఆగింది. నాయుడు, చిన్నమ్మడు దిగారు. నాయుడి చేతిలో మూతికి గుడ్డ కట్టిన బిందె. లోపల్నుంచి జుయ్యిమని రొద. "ఏమిటండీ ఇది" అని నర్సు అనేలోపే గుడ్డ విప్పేశాడు. ఇంకేముంది, వరండాలోని రోగులంతా ఒళ్ళంతా చరుచుకోవడం మొదలెట్టారు.

"కొట్టకండి బాబూ, అవి నా రక్తసంబంధీకులు" అని బతిమాలాడు నాయుడు. "దోమలు ఇవేనమ్మా. జలగలు చిన్నమ్మడి సీసాలో ఉన్నాయి. నల్లులు మంచం దిగనన్నాయి, అందుకని మంచం కూడా తెచ్చాం."

నర్సు ఆటోలోకి తొంగిచూసింది. నులకమంచం తప్ప ఎవరూ లేరు. "మీ తమ్ముడేరండీ?"

"మంచానికి చోటు చాల్లేదని వాణ్ణి దించేశాం. అయినా వాడెందుకమ్మా? నలభై ఏళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నాం, ఒక్కనాడూ నన్ను కుట్టలేదు."