వరదలో పుట్టి

దస్తగిరికి వారం రోజులుగా అన్నం సయించడం లేదు.

పొద్దున లేస్తూనే దర్గా వెనక ఉన్న పెద్ద బండ ఎక్కి దక్షిణం వైపు చూస్తాడు. మొన్న ఒకచోట పొగ లేచింది. నిన్న మూడు చోట్ల. సుల్తాను పోయాడు. గద్దె కోసం కొడుకులిద్దరూ కత్తులు దూశారు. ఏలిక లేని గుర్రపు దండులు ఊళ్ల మీద పడుతున్నాయి. ఏ దండు ఎటు తిరుగుతుందో ఎవరికీ తెలియదు.

చూసింది చూసినట్టు దిగివచ్చి గురువుకు చెప్పేవాడు. గురువు బుర్హాన్ షా, డెబ్బై దాటిన ఫకీరు. అంతా వినేవాడు. విని, "పొయ్యి మీద సంకటి చూడు బేటా, అడుగంటుతోంది" అనేవాడు.

పెద్దాయనకు జరగబోయేదంతా తెలుసునని, అందుకే అంత నిబ్బరంగా ఉన్నాడని దస్తగిరి నమ్మకం.

దర్గా కృష్ణ ఒడ్డున ఉంది. చుట్టుపక్కల పల్లెల నుంచి నలభై మంది దాకా మూటలతో, పిల్లలతో వచ్చి అక్కడే పడి ఉన్నారు. నది దాటాలని వచ్చారు. నదేమో వరద మీద ఉంది. పుట్టి నడిపే సుంకన్న తన పెళ్లాం బిడ్డలను దాటించుకుని మళ్లీ ఇటు రాలేదు. అతని రెండో పుట్టి ఒడ్డున బోర్లించి ఉంది. వెదురుతో బుట్టలా అల్లి, కింద తోలు కప్పిన గుండ్రటి పడవ అది. దాన్ని నడపడం ఆ ఒడ్డున ఇంకొక్కడికే వచ్చు. దస్తగిరికి.

అతను పుట్టివాళ్ల ఇంట పుట్టినవాడు. పన్నెండేళ్ల కిందట, ఇలాంటి వరదలోనే, నది మధ్య ఉండే నల్లబండ దగ్గర వాళ్ల నాయన మునిగిపోయాడు. తెడ్డు పట్టుకుని ఉన్నది దస్తగిరే. ఆ తర్వాతే అతను దర్గాకు వచ్చాడు. మళ్లీ తెడ్డు ముట్టలేదు. ఇదంతా తెలిసినవాళ్లు కాబట్టి అతన్ని ఎవరూ అడగలేదు. అడగకుండా అతని ముఖంలోకి చూసేవాళ్లు. అతను ముఖం తిప్పుకునేవాడు.

ఆ రోజు పొద్దు బారెడెక్కింది. ఒక ఆడమనిషి బిడ్డను చంకనేసుకుని పరిగెత్తుకుంటూ వచ్చింది. పేరు తిమ్మక్క. కాళ్లు నెత్తురోడుతున్నాయి.

"మా ఊరు కాల్చేసినారు సామీ" అని గురువు ముందు కూలబడింది. ఆమె ఊరు రెండు కోసుల దూరం.

ఒడ్డున ఏడుపులు మొదలయ్యాయి. దస్తగిరి గురువు దగ్గరికి వచ్చాడు. గురువు చేట ఒళ్లో పెట్టుకుని జొన్నల్లో రాళ్లు ఏరుతున్నాడు.

"హజ్రత్, దండు ఇటే వస్తుందా?"

"తెలియదు."

"నదిలో దిగితే అవతలికి చేరతామా?"

"తెలియదు."

"చేరినా, అక్కడా కత్తులే ఎదురైతే?"

"అదీ తెలియదు బేటా."

దస్తగిరి గొంతు లేచింది. పన్నెండేళ్లలో గురువు మీద గొంతు లేవడం అదే మొదటిసారి.

"మీకు తెలుసు! తెలిసే ఇలా కూర్చున్నారు. ఒక్క మాట చెప్పండి చాలు. చేరతామని మీరంటే నేను తెడ్డు పట్టుకుంటాను."

గురువు చేట పక్కన పెట్టాడు. శిష్యుడి కుడిచెయ్యి అందుకున్నాడు. దాన్ని తన అంగరఖా లోపలికి తీసుకెళ్లి, రొమ్ము మీద ఆనించుకున్నాడు.

పక్కటెముకల కింద ముసలి గుండె దడదడా కొట్టుకుంటోంది. పిడికిట్లో చిక్కిన పిట్టలా.

దస్తగిరి చెయ్యి లాక్కోబోయాడు. గురువు వదల్లేదు.

"ఎప్పటి నుంచి హజ్రత్?" అన్నాడు దస్తగిరి.

"నువ్వు మొదటి పొగ గురించి చెప్పిన రోజు నుంచి."

చెయ్యి వదిలి ఆయన లేచాడు. కర్ర పట్టుకుని ఒడ్డుకు నడిచాడు. పుట్టిని తిప్పమని మనుషులకు చెప్పాడు. నలుగురు కలిసి తిప్పారు. తోలు రెండు చోట్ల పగిలి ఉంది. గుగ్గిలం కాచి పూశారు. నీళ్లలోకి నెట్టారు. పుట్టి అక్కడే గిరగిరా తిరగడం మొదలుపెట్టింది. అంచు పట్టుకున్న మనుషుల చేతులు గుంజుకుపోతున్నాయి.

ఎవరూ ఎక్కలేదు.

గురువు కర్ర ఒడ్డున పడేశాడు. మోకాళ్ల దాకా నీళ్లలో దిగి, తూలి, ఎలాగో అంచు దాటి లోపల కూర్చున్నాడు. ఆయనకు ఈత రాదని దర్గాలో అందరికీ తెలుసు.

రెండు చేతులూ చాచి, "బిడ్డను ఇటివ్వు తల్లీ" అన్నాడు తిమ్మక్కతో.

ఆమె బిడ్డను అందించింది. తనూ ఎక్కింది. ఆమె వెనక ఇంకో ఆరుగురు.

దస్తగిరి తెడ్డు తీసుకున్నాడు.

ఒడ్డు వదలగానే నది పుట్టిని ఎగరేసింది. వేళ్లతో సహా కొట్టుకొచ్చిన చెట్టు ఒకటి జానెడు దూరంలో దూసుకుపోయింది. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. నల్లబండ దగ్గర నీళ్లు గుంటలా లోపలికి తిరుగుతున్నాయి. దస్తగిరి కళ్లు మూసుకోలేదు. పళ్లు బిగించి, నాయన నేర్పినట్టే, నీటికి ఎదురు పోకుండా ఏటవాలుగా తెడ్డు వేశాడు. పుట్టి సుడి అంచున రెండు చుట్లు తిరిగింది. మూడో చుట్టులో విడివడి అవతలికి పడింది.

అరకోసు దిగువన ఒడ్డు తగిలింది. అందరూ దిగారు. దస్తగిరి ఇసుకలో మోకాళ్ల మీద పడి కక్కుకున్నాడు. లేచి చూస్తే అవతలి ఒడ్డున మనుషులు చీమల్లా కనిపిస్తున్నారు. దక్షిణాన పొగ ఇంకా దగ్గరికి వచ్చింది.

"రండి హజ్రత్, పోదాం" అన్నాడు. "మీరు పక్కన లేకుండా ఆ సుడి దాటడం నా వల్ల కాదు."

గురువు తడిసిన తలపాగా పిండుకుంటున్నాడు.

"నేనెక్కితే ఒక మనిషికి చోటు తగ్గుతుంది" అన్నాడు.

దస్తగిరి తెడ్డు పుట్టిలో పడేశాడు. తర్వాత పుట్టిని ఒడ్డు వెంట ఎగువకు ఈడ్చుకుంటూ పోయాడు. ఖాళీ పుట్టి బరువులేక మరింత తిరుగుతుందని అతనికి తెలుసు. అయినా నీళ్లలోకి నెట్టి ఎక్కాడు.

పొద్దు వాలేలోపు ఐదుసార్లు దాటించాడు. మూడోసారి తోలు చిరిగింది. ఒకడు కుండతో నీళ్లు తోడుతూనే ఉన్నాడు. నాలుగోసారి పుట్టిలో దస్తగిరి గట్టిగా అరిచాడో, ఏడ్చాడో ఎక్కినవాళ్లకు అర్థం కాలేదు. ఎడ్లను వదిలి రానన్న ఎల్లప్ప ఒక్కడే దర్గా ఒడ్డున ఉండిపోయాడు. అతను ఏమయ్యాడో ఎవరికీ తెలియలేదు. మిగిలిన వాళ్లంతా అవతలి ఒడ్డు చూశారు.

ఐదోసారి ఎక్కడానికి మిగిలింది ఏడుగురు. దర్గా వెనక బండల మీదుగా దుమ్ము లేస్తోంది. గుర్రాల చప్పుడు వినబడుతోంది. దస్తగిరి అరచేతులు పగిలి తెడ్డుకు నెత్తురంటింది.

కళ్లు సరిగా కనిపించని ఒక అవ్వ నీళ్ల అంచున ఆగిపోయింది.

"చేరతామా నాయనా?" అంది.

అందరూ అతని వైపు చూశారు. ఈసారి అతను ముఖం తిప్పుకోలేదు.

"తెలియదవ్వా" అన్నాడు. "ఇలా చెయ్యివ్వు. మెల్లగా కాలు పెట్టు."