పసుపు గీతల నోరు నొక్కిన ప్రభంజన్

కాకినాడలో ఒక మేడ మీది సాఫ్ట్‌వేర్ కంపెనీలో, పని చకచకా చేసేసి, హెచ్చరిక వినబడగానే చెవులు మూసుకునే ప్రభంజన్ అనే ఇంజనీరు ఉండేవాడు.

అతని వేగం మామూలు వేగం కాదు. అతను కీబోర్డు ముందు కూర్చున్నాడంటే కింది అంతస్తులో టైలరు తన మిషను ఆపేసి సిగ్గుతో తల దించుకునేవాడు. టీ తెచ్చి బల్ల మీద పెట్టేలోగా ఒక ప్రోగ్రాము, ఆ టీ చల్లారేలోగా ఇంకొకటి రాసేవాడు. పెంచి చెబుతున్నానంటారా? కాస్తే పెంచాను.

అతని కంప్యూటర్లో మరో ప్రోగ్రాము ఉండేది. మనిషి రాసినదాన్ని బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరి చూడటమే దాని పని. పూర్తిగా తప్పయితే ఎర్ర గీత గీసి పని ఆపేసేది. ఇప్పటికి నడుస్తుంది గానీ ఎప్పుడో కొంప ముంచుతుంది అనిపిస్తే పసుపు గీత గీసి, పక్కన ఒక ముక్క హెచ్చరిక రాసేది. ఎర్ర గీతకు ప్రభంజన్ భయపడేవాడు. పసుపు గీత కనిపిస్తే మాత్రం, దీన్ని ఇక చూపించకు అని ఆజ్ఞ రాసి దాని నోరు నొక్కేసేవాడు. ఎందుకు నొక్కుతున్నావో కారణం రాయమని అది అడిగేది. ప్రతిసారీ అతను రాసే కారణం ఒక్కటే: "తర్వాత చూద్దాం."

ఆ ఆఫీసులోనే రజియా ఉండేది. ఇతరులు రాసినదాన్ని పరీక్షించడం ఆమె ఉద్యోగం. సన్నగా, గాలికి ఎగిరిపోయేలా ఉండేది గానీ, ఒక తప్పును పట్టుకుందంటే ఏనుగులు కట్టి లాగినా వదిలేది కాదు.

ఒక వేసవిలో ఆ కంపెనీకి రత్నమ్మ వచ్చింది. ఉప్పాడ వైపు సముద్రం ఒడ్డున రొయ్య పిల్లల్ని పెంచే హేచరీ ఆమెది. ఆమెది అంటే, ఇరవై ఏళ్లు ఒకరి హేచరీలో నీళ్లు మోసి, ఆ ఏడాదే మరో అయిదుగురు ఆడవాళ్లతో కలిసి లీజుకు తీసుకున్నది. ఈ ఒక్క సీజను పిల్లల్ని బతికించి చూపిస్తే లీజు పొడిగిస్తానన్నాడు షెడ్ల యజమాని. లేదంటే ఆరుగురూ మళ్లీ ఒకరి దగ్గర నీళ్లు మోయాల్సిందే.

రొయ్య పిల్ల కనురెప్ప వెంట్రుకంత ఉంటుంది. దాని కోపం మాత్రం జమీందారుది. నీటిలో ఆక్సిజన్ కాస్త తగ్గితే చాలు, చచ్చి చూపిస్తుంది. అందుకే ప్రతి ట్యాంకుకూ ఒక గాలి మోటారు పెడతారు. ఆక్సిజన్ తగ్గినప్పుడు ఆ మోటారును తానే వేసి, పెరిగితే తానే ఆపే పెట్టె కావాలని రత్నమ్మ అడిగింది. పది రోజుల్లో ఇస్తానన్నాడు ప్రభంజన్. ఆరు రోజుల్లో రాసేశాడు.

అతను ఎలా రాశాడో చెబుతాను, బెదరకండి. ఈ ప్రోగ్రాములు రాసేవాళ్లు ముందు ఒక నమూనా రాసుకుంటారు. ట్యాంకు అంటే ఇలా ఉండాలి అని ఒక తల్లి నమూనా. చంటి రొయ్యల ట్యాంకు అయితే ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి అని ఒక పిల్ల నమూనా. పెట్టెకు కరెంటు ఇవ్వగానే ఆ నమూనాలోంచి ట్యాంకు ఒకటి కంప్యూటరు లోపల పుడుతుంది. పుట్టేటప్పుడు జరిగే పనిని కన్‌స్ట్రక్టర్ అంటారు. మనం పురుడు అనుకుందాం. ముందు తల్లి నమూనా పురుడు జరుగుతుంది, ఆ తర్వాతే పిల్ల నమూనా పురుడు.

ప్రభంజన్ తొందర మనిషి కదా, తల్లి పురుట్లోనే పిల్లకు పని అప్పగించాడు. ఆక్సిజన్ పరిమితి కంటే తగ్గిందేమో చూసి మోటారు వెయ్యి, అని. కానీ ఆ పరిమితి అయిదు అని రాసి ఉన్నది పిల్ల పురుట్లో. అది ఇంకా జరగలేదు. అప్పటికి దాని చేతిలో ఉన్నది సున్నా.

రజియా ఆ పసుపు గీత చూసింది. కుర్చీ జరుపుకుని అతని పక్కన కూర్చుంది.

"ప్రభంజన్ గారూ, తల్లి కన్‌స్ట్రక్టర్ పిల్ల పనిని పిలుస్తోందని హెచ్చరిక వచ్చింది. దాని కింద ఇంకోటి ఉంది. పరిమితిని ఎవరు పడితే వాళ్లు మార్చేలా వదిలేశారంట, లోపల దాచమంటోంది."

"అది పసుపు, రజియా. ఎరుపైతే డాక్టరు మాట. పసుపంటే పక్కింటావిడ సలహా."

"పక్కింటావిడ ఒక్కోసారి పొగ చూసి చెబుతుందండీ."

అతను నవ్వి రెండింటి నోరూ నొక్కేశాడు. కారణం దగ్గర ఏం రాశాడో మీకు తెలుసు. అప్పటికి ఆ ప్రోగ్రాములో నోరు నొక్కిన గీతలు మూడు వందల పన్నెండు. మూడు వేలని చెబుదామనుకున్నాను గానీ, రజియా లెక్కపెట్టి కాగితం మీద రాసి పెట్టింది. ఇక్కడ మాత్రం నా ఆటలు సాగవు.

ఆఫీసులో పరీక్ష బ్రహ్మాండంగా జరిగింది. అక్కడ పుట్టించింది తల్లి నమూనా ట్యాంకు మరి, దాని పరిమితి దాని దగ్గరే ఉంది. హేచరీలో ఆరు ట్యాంకులకూ పిల్ల నమూనా పెట్టాడు. మొదలుపెట్టిన రోజున మోటార్లు అరగంట ఆలస్యంగా తిరిగాయి. ట్యాంకుల్లో ఇంకా పిల్లలు లేవు గనుక ఎవరూ పట్టించుకోలేదు. చేత్తో వేసే పాత స్విచ్చులన్నిటినీ ఒక ఇనప పెట్టెలో పెట్టి, తెలియనివాళ్ల చెయ్యి పడకూడదని తాళం వేశాడు. తాళంచెవి తెచ్చి ఆఫీసు సొరుగులో పడేశాడు. చూడండి చోద్యం. లోపల పరిమితిని దారినపోయేవాళ్లు కూడా ముట్టుకునేలా వదిలి, ఇరవై ఏళ్లు రొయ్యల్ని పెంచిన మనిషి చేతికి మాత్రం తాళం వేశాడు.

పిల్లల్ని వదిలిన పదకొండో రోజు ఎండ అలా ఇలా కాయలేదు. కాకులు చెప్పులు అడుక్కున్నాయి. మధ్యాహ్నం కరెంటు పోయింది. నిమిషంలో జనరేటరు అందుకుంది. పెట్టె మళ్లీ మొదలైంది, లోపల ట్యాంకులు మళ్లీ పుట్టాయి. పుడుతూనే ఆక్సిజన్ చూశాయి. సున్నా కంటే ఎక్కువే ఉంది కదా, మోటారు ఎందుకు అనుకుని ఆపేశాయి. మళ్లీ చూసేది అరగంటకు. కానీ ఆ రోజు కరెంటు ఇరవై నిమిషాలకోసారి వచ్చి పోతోంది. పోయినప్పుడల్లా మళ్లీ పురుడు, మళ్లీ సున్నా. అరగంట నిండే యోగమే లేదు. మోటార్లు అసలు తిరగలేదు.

రత్నమ్మ ఫోను చేసింది. పెట్టె మీద లైటు ఏ రంగులో ఉందని అడిగాడు ప్రభంజన్.

"ఆకుపచ్చగానే ఉంది బాబూ. నా పిల్లలే తెల్లబడి తేలిపోతన్నాయి."

"ఆకుపచ్చ ఉంటే అంతా బాగున్నట్టేనండి. ఏదీ ముట్టుకోకండి. కాసేపు ఆగితే అదే వేస్తుంది."

"లైటు తీసి నీళ్లలో వేస్తే ఊపిరి వస్తాదా?" అని ఫోను పెట్టేసింది రత్నమ్మ.

ఆ తర్వాత ఆమె ఎవర్నీ అడగలేదు. అయిదుగురినీ పిలిచి తలో బకెట్టు ఇచ్చింది. ట్యాంకులో నీళ్లు ముంచి, చెయ్యెత్తి పైనుంచి పోయమంది. పడే నీళ్లతో పాటు గాలి కూడా లోపలికి పోతుంది. తను పడవ లంగరు రాయి మోసుకొచ్చి ఇనప పెట్టె తాళం మీద వేసింది. మూడు దెబ్బలకు తాళం ఊడింది. ఆ చప్పుడుకు సముద్రం ఒక అడుగు వెనక్కి వేసిందని ఆ ఒడ్డున ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పుకునేలా చేసింది నేనే అనుకోండి.

ప్రభంజన్, రజియా బండి మీద వచ్చేసరికి రత్నమ్మ వేసిన పాత స్విచ్చులతో మోటార్లు తిరుగుతున్నాయి. రెండు ట్యాంకులు పోయాయి. నీటి మీద తెల్లటి నలుసులు దుమ్ములా పేరుకున్నాయి. మిగతా నాలుగింటి దగ్గర ఆడవాళ్లు ఇంకా నీళ్లు పోస్తూనే ఉన్నారు. చీరలు మోకాళ్లదాకా తడిసి ఉన్నాయి. అతన్ని ఒక్కరూ తిట్టలేదు. తిట్టి ఉంటే తేలికగా ఉండేది.

అతను నలుసుల కేసి చూస్తూ నిలబడ్డాడు. రజియా ల్యాప్‌టాప్ తెరిచి, నోరు నొక్కిన ఆ పసుపు గీతను అతని ముందు పెట్టింది. గీత పక్కన అతను రాసిన కారణం ఉంది.

ప్రభంజన్ రత్నమ్మ దగ్గరికి వెళ్లి, తప్పు పెట్టెది కాదు, తనదేనని చెప్పాడు. హెచ్చరిక ముందే వచ్చిందనీ, తనే వినలేదనీ కూడా చెప్పాడు. దిద్ది తెస్తానన్నాడు.

రత్నమ్మ చీర కుచ్చిళ్లు పిండుకుంటూ విన్నది. ఆరుగురు మనుషులు నెలంతా రేయింబవళ్లు స్విచ్చుల దగ్గర కాపలా కూర్చోలేరని ఆమెకు తెలుసు. పెట్టె లేకుండా ఈ సీజను గట్టెక్కదు.

"తీసుకురా. కానీ నా పిల్లల మీద నీ పరీక్షలు ఒద్దు. ముందు నీ దగ్గర చేసుకో. ఆనక ఇక్కడ ఖాళీ అయిన ఒక్క ట్యాంకులో పిల్లల్ని వదులుతాను. పక్కన బకెట్టు పట్టుకుని నువ్వు నిలబడు. పెట్టె ఆగితే నువ్వు పోస్తావు."

"నిలబడతానండి," అన్నాడు ప్రభంజన్.

ఆఫీసుకు వెళ్లి అతను మొదటి తప్పు దిద్దాడు. పురుట్లో పని చెప్పడం మానేశాడు. తల్లి పురుడూ పిల్ల పురుడూ పూర్తయ్యాకే, ఇక పని మొదలుపెట్టు అని విడిగా చెప్పేలా రాశాడు. నీళ్ల తొట్టె పెట్టి కరెంటు తీసి చూశాడు. మోటారు తిరిగింది. పదకొండుసార్లు తిరిగింది. అతని మొహం వెలిగింది. మునుపటి ప్రభంజన్ అయితే బండి తాళాలు అందుకునేవాడే.

"పన్నెండోసారి," అంది రజియా.

పన్నెండోసారి మోటారు తిరగలేదు.

ఇద్దరూ వెతికారు. గోడ మీద అంకెలు చూపించే తెర కోసం రాసిన భాగం ఒకటి ఉంది. అది మొదలయ్యేటప్పుడు తన అంకెలు తుడుచుకుంటూ, పక్కనే తెరిచి ఉన్న పరిమితిని కూడా తుడిచేస్తోంది. ముందుగా తెర భాగం మొదలైతే ఫరవాలేదు. ముందుగా ట్యాంకు పుడితే మాత్రం పరిమితి మళ్లీ సున్నా. ఎవరైనా ముట్టుకోవచ్చని వదిలేసినందుకు వచ్చిన తంటా అది. దాన్ని దాచమని ఆ రెండో పసుపు గీత ముందే చెప్పింది.

ప్రభంజన్ కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత నోళ్లన్నీ విప్పేశాడు. మూడు వందల పన్నెండులో దిద్దినది ఒకటి పోగా, మిగిలిన గీతలన్నీ ఒక్కసారిగా తెర మీదికి వచ్చాయి. గది మొత్తం ఆవపువ్వు పూసినట్టు పసుపెక్కింది. ఎదురింటావిడ పచ్చకామెర్లేమోనని కిటికీ వేసుకుంది.

"ఇందులో రొయ్యలకు సంబంధం లేనివే ఎక్కువండీ. అన్నీ చూస్తారా?" అంది రజియా.

"ఏది సంబంధం లేనిదో చూడకుండా నాకెలా తెలుస్తుంది? మొదటిదాని నుంచి పట్టు."

తొమ్మిది రోజులు పట్టింది. అన్నాళ్లూ మిగిలిన నాలుగు ట్యాంకులకూ ఆడవాళ్లే వంతులేసుకుని చేత్తో స్విచ్చులు వేశారు. వేగానికి పేరు పడ్డ మనిషి ఒక్కో గీత దగ్గర ఆగి, చదివి, అర్థం కాకపోతే రజియాను అడిగి, దిద్దాడు. పరిమితిని లోపల దాచి, మార్చే హక్కు ఒక్క ట్యాంకుకే ఇచ్చాడు. నిజంగానే అక్కర్లేని హెచ్చరికలు నాలుగు తేలాయి. వాటిని ఆపినప్పుడు, ఎందుకు ఆపాడో ఎవరు చదివినా అర్థమయ్యేలా నాలుగేసి వరుసలు రాశాడు. కింది అంతస్తు టైలరు మళ్లీ తలెత్తుకుని మిషను తొక్కాడు.

పదో రోజు హేచరీలో రత్నమ్మ ఖాళీ అయిన ట్యాంకుల్లో ఒకదానిలో కొత్త పిల్లల్ని వదిలింది. ప్రభంజన్ ప్యాంటు మడుచుకుని, బకెట్టు పట్టుకుని నిలబడ్డాడు. రజియా మెయిను స్విచ్చు దగ్గర నిలబడింది. తీసింది, వేసింది. మోటారు తిరిగింది. మళ్లీ తీసింది. మళ్లీ తిరిగింది. ఇరవైసార్లకు ఆడవాళ్లు చాలమ్మా అన్నారు. రజియా నలభై దాకా ఆపలేదు. నలభైసార్లూ గాలి బుడగలు లేచాయి. బకెట్టు ముంచాల్సిన పని పడలేదు, ప్రభంజన్ చొక్కా మాత్రం చెమటతో పిండేలా తడిసింది.

రత్నమ్మ వంగి గాజు గ్లాసుతో నీళ్లు ముంచి ఎండకేసి పట్టి చూసింది. పిల్లలు ప్రవాహానికి ఎదురు ఈదుతున్నాయి. ఆమె కొత్త తాళం ఒకటి తెచ్చి స్విచ్చుల పెట్టెకు వేసి, తాళంచెవి కొంగున ముడి వేసుకుంది.

"పెట్టె లోపల సంగతి నీది. ఈ చెవి నాది," అంది.

ప్రభంజన్ తలూపాడు. అది ముందే అలా ఉండాల్సిందని ఒప్పుకున్నాడు. ఖాళీ అయిన రెండో ట్యాంకులోకీ ఆ సాయంత్రమే పిల్లల్ని వదిలి, మిగతా నాలుగింటినీ మళ్లీ పెట్టెకు అప్పగించారు. నెల తిరిగేసరికి ఆరు ట్యాంకుల పిల్లలూ చెరువులకు వెళ్లాయి. లీజు నిలబడింది.

అదంతా తర్వాతి మాట. పరీక్ష గెలిచిన రోజు మధ్యాహ్నమే రత్నమ్మ అందరికీ పండుగప్ప చేప పులుసు వండి పెట్టింది. ఆ పులుసు వాసనకు యానాంలో వాళ్లు కూడా విస్తర్లు వేసుకుని కూర్చున్నారు. ప్రభంజన్ మొదటి ముద్ద కలుపుతుండగా పక్కన తెరిచి ఉన్న ల్యాప్‌టాప్‌లో ఒక పసుపు గీత కనిపించింది. అతను చెయ్యి కడుక్కుని లేచాడు.

"ఏటంటాది అది?" అని అడిగింది రత్నమ్మ.

"దిద్దుతున్నప్పుడు ప్రోగ్రాములో ఎక్కడో వాడని పేరు ఒకటి మిగిలిపోయిందంటండి."

"దానివల్ల నా పిల్లలు చస్తాయా?"

"చావవండి."

"మరింకేం, తిను. పులుసు చల్లారిపోతాది."

"తింటానండి. ఇది అయ్యాక," అన్నాడు ప్రభంజన్, ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటూ.

హెచ్చరిక నోరు నొక్కితే పోయేది హెచ్చరికే. తప్పు ఎక్కడికీ పోదు, దెబ్బ తీయడానికి సమయం చూసుకుంటూ అక్కడే కూర్చుంటుంది.