షావుకారు మంచం పక్క మీట

అనగనగా ఒక ఊళ్ళో ఒక జీడిపప్పు కార్ఖానా ఉండేది తల్లీ. ఈ కథలో రాజు లేడు. రాజులా కూర్చునే షావుకారు ఒకడున్నాడు, మనకి అది చాలు. దుప్పటి కప్పుకో, చెబుతాను.

ఆ కార్ఖానాలో అరవై మంది ఆడవాళ్ళు పనిచేసేవాళ్ళు. పిక్క కొట్టి, పప్పు తీసి, పొట్టు ఒలిచేవాళ్ళు. జీడి నూనె తగిలి వాళ్ళ వేళ్ళు నల్లగా పొక్కిపోయేవి. ఆ వేళ్ళు ఒలిచిన పప్పు మాత్రం తెల్లగా, ఎవరెవరి పెళ్ళి పాయసాల్లోకో వెళ్ళేది.

అరవై మందికీ ఒకటే మరుగుదొడ్డి. అది కార్ఖానా వెనకాల సందు చివర ఉండేది. సందుకి ఒక పక్క గోడ, ఇంకో పక్క మురుగుకాలువ. పని వదిలేది రాత్రి ఏడింటికి. చలికాలంలో ఐదున్నరకే ఆ సందులో చీకటి పడిపోయేది.

వాళ్ళలో దాలమ్మ అని ఒకావిడ. యాభై ఏళ్ళ మనిషి. ఆవిడకి రేచీకటి. అంటే పగలు మనలాగే చూస్తుంది, చీకటి పడితే ఎదురుగా ఏముందో కనపడదు. పిక్క కొట్టడంలో మాత్రం ఆవిడ కుడి చేతికి సాటి లేదు, పప్పు విరక్కుండా తీసేది. మొగుడు పోయాడు. ఆ చెయ్యే ఆవిడకి అన్నం పెట్టేది. చీకట్లో సందులోకి వెళ్ళాల్సొస్తే, గోడకి అరచెయ్యి ఆనించి, ఒక్కో అడుగే వేసుకుంటూ వెళ్ళేది.

ఆడవాళ్ళు దీపం అడిగారు. ఒక ఏడాది అడిగారు. రెండో ఏడూ అడిగారు. మూడో ఏడు, కార్ఖానా చూడ్డానికి ఒక అధికారి వస్తున్నాడని తెలిసింది. అప్పుడు షావుకారు దీపాలు పెట్టించాడు.

మామూలు దీపాలు కావు. మనిషి కదిలితే వెలిగే సెన్సార్ దీపాలు. బల్బు కింద చిన్న కన్ను ఉంటుంది. మనిషి వస్తే ఆ కన్ను చూస్తుంది, బల్బు వెలిగిస్తుంది. మనిషి వెళ్ళిపోతే ఆర్పేస్తుంది. "మీరు ఆర్పడం మర్చిపోతారు కదా, అందుకని" అన్నాడు షావుకారు. ఆయన వరండా దీపం పట్టపగలు కూడా వెలుగుతూ ఉండేది. అది మాత్రం మర్చిపోవడం కిందికి రాదు.

షావుకారు కాపురం కార్ఖానా మేడ మీదే. పడకగది కిటికీ ఆ సందులోకే. సాయంత్రం ఆరు కొట్టగానే మంచమెక్కి టీవీ చూడటం ఆయనకి అలవాటు. వెలుతురు తన కళ్ళలో పడకూడదు. అందుకని, కావలసినంత తగ్గించుకునే ఎల్ఈడీ బల్బులు ఏరి తెప్పించాడు. తగ్గించే మీటని డిమ్మర్ అంటారు, ఫ్యాన్ రెగ్యులేటర్ లాగా గుండ్రంగా తిరుగుతుంది. దాన్ని తన మంచం పక్కన బిగించుకున్నాడు. సందులో నడిచేది వాళ్ళు. ఎంత వెలుతురుకి నడవాలో తేల్చేది ఆయన.

అధికారి వచ్చిన రోజు మీట నిండా తిప్పి ఉంది. దీపాలు చక్కగా వెలిగాయి. ఫోటో తీసుకున్నారు. ఆ తర్వాత అధికారి వెళ్ళిపోయాడు, మీట సగానికి తిరిగింది.

అప్పటినుంచి దీపాలు పిచ్చిపట్టినట్టు అయిపోయాయి. వెలుగుతాయి, ఆరిపోతాయి, మళ్ళీ వెలుగుతాయి. మనిషి సందు మధ్యలో ఉండగా చప్పున ఆరిపోతాయి.

ఆడవాళ్ళు వెళ్ళి షావుకారుకి చెప్పారు. "కదిలితే కదమ్మా వెలిగేది. చేతులూపుతూ నడవండి" అన్నాడు. అప్పుడు అరవై మందీ మరుగుదొడ్డికి చేతులూపుకుంటూ వెళ్ళారు. "మా అత్తకి కూడా ఇన్ని దండాలు పెట్టలేదే" అంది ఒకావిడ. నవ్వుకున్నారు. దీపాలు మాత్రం ఆరిపోయాయి.

ఆ తర్వాత కరెంటు మేస్త్రిని పిలిపించారు. ఆయన బల్బులు మార్చాడు. కళ్ళు మార్చాడు. ఆఖరికి ఆడవాళ్ళని ఎగాదిగా చూసి, "ముదురు రంగు చీరలు సెన్సారుకి ఆనవు, లేత రంగులు కట్టండి" అన్నాడు. జీడి నూనె మరకల్లో లేత రంగు చీర ఎన్నాళ్ళుంటుంది తల్లీ. అయినా కట్టుకొచ్చారు. దీపాలు ఆరిపోయాయి.

పొట్టు ఒలిచేవాళ్ళలో నీలవేణి అని ఒక పిల్ల ఉండేది. ఐటీఐలో కరెంటు పని చదువుకుంది. ఆడపిల్ల స్తంభం ఎక్కడమేమిటని ఎవరూ పని ఇవ్వకపోతే ఇక్కడికొచ్చి పొట్టు ఒలుస్తోంది. దీపాల తీగ పైకి, షావుకారు పడకగదిలోకి పోవడం చూసి, ఆ పిల్ల మేస్త్రి దగ్గరికెళ్ళింది.

"ఆ బల్బు సగం కరెంటుతో కూడా బతుకుతుంది మేస్త్రీ. ఆ కన్ను బతకదు. దానికి నిండా కరెంటు కావాలి. పైన డిమ్మర్ తగ్గిస్తుంటే కన్ను మగతలో పడి తూలుతోంది. డిమ్మర్ తీసేసి మామూలు స్విచ్చి పెట్టండి."

"నువ్వు పొట్టు ఒలుచుకో పిల్లా" అన్నాడు మేస్త్రి.

అంత చిన్న పనా అంటున్నావా? అంత చిన్న పనే. ఒక స్క్రూడ్రైవరు, ఒక పావుగంట.

అప్పుడు నీలవేణి సూపర్‌వైజరుకి చెప్పింది. ఆయన నాలిక్కరుచుకున్నాడు. "షావుకారుగారి పడకగది గురించి నువ్వెలా మాట్లాడతావే? నీకు సిగ్గు లేదా?" అన్నాడు. ఆడవాళ్ళ మరుగుదొడ్డి సందులో అధికారితో ఫోటో దిగడానికి మాత్రం ఎవరికీ సిగ్గు లేదు మరి.

ఆ తర్వాత షావుకారు భార్య వరహాలమ్మకి చెప్పింది. ఆవిడ చుట్టూ చూసి, మెల్లిగా అంది: "ఆ గదిలో ఏ మీటా నేను ముట్టుకోనమ్మా. ఫ్యాన్ తిప్పాలన్నా ఆయన్నే అడుగుతాను."

మూడు చోట్ల చెప్పింది. మూడు తలుపులూ మూసుకున్నాయి.

ఒక సాయంత్రం దాలమ్మ సందులోకి వెళ్ళింది. దీపం భళ్ళున వెలిగింది. దారి తెల్లగా కనపడింది. ఈసారి నిలుస్తుందనుకుని ఆవిడ గోడ మీంచి చెయ్యి తీసేసింది. దీపముంటే గోడ ఎందుకు? నాలుగడుగులు వేసింది, దీపం ఆరిపోయింది. ఆవిడ గోడ కోసం చెయ్యి చాపింది, అందలేదు. దీపం వెలిగింది, కళ్ళు జిగేల్‌మన్నాయి, ఆరిపోయింది. దాలమ్మ కాలువలో పడిపోయింది. కుడి మణికట్టు విరిగింది.

ఆవిడ కేక విని నీలవేణి మేడ మెట్లెక్కి పరిగెత్తింది. తిన్నగా పడకగదిలోకి పోయి మీట నిండా తిప్పేసింది. కింద సందంతా పగల్లా అయ్యింది. ఆడవాళ్ళు దాలమ్మని ఎత్తుకుని, సందు దాటించి, ఆటో ఎక్కించారు. అంతసేపూ దీపం ఒక్కసారి రెప్ప వెయ్యలేదు.

షావుకారు మంచం దిగి కిటికీలోంచి చూశాడు.

"చూశారా బాబూ, ఇంతే పని" అంది నీలవేణి.

"చూశాను" అన్నాడు.

అంతవరకూ, తప్పు ఆ మీటదేనని ఆయనకి తెలీదనుకున్నారు అందరూ. తెలిస్తే చేస్తాడనుకున్నారు. ఆటో మలుపు తిరిగింది. అప్పుడు ఆయన మీట మళ్ళీ సగానికి తిప్పి, టీవీ ముందు వాలాడు.

మర్నాడు నీలవేణిని పనిలోకి రానివ్వలేదు. షావుకారు పడకగదిలోకి వెళ్ళిందని. ఆ పిల్ల అక్కడికి ఎందుకెళ్ళిందని ఊరంతా అడిగింది. దీపం కోసమని చెబితే ఊరు నవ్వింది. దాలమ్మ చెయ్యి వంకరగా అతుక్కుంది, పిక్క మీద దెబ్బ ఆనదు. ఆవిడ మళ్ళీ రాలేదు.

ఆ తర్వాత మిగిలిన ఆడవాళ్ళంతా కూడబలుక్కుని షావుకారు దగ్గరికెళ్ళారు. మేం అడిగిన దీపాలు తీసేయించండి బాబూ అన్నారు. ఆరిపోయే వెలుతురు కంటే చీకటే నయం, అదైతే ఎప్పుడూ ఉంటుంది, మమ్మల్ని మోసం చెయ్యదు అన్నారు.

దీపం పెట్టడానికి మూడేళ్ళు పట్టింది. తియ్యడానికి ఒక్క పూట పట్టలేదు. "చూశారా, మీరడిగింది నేనెప్పుడు కాదన్నాను" అన్నాడు షావుకారు.

ఏం తల్లీ, ఇంకా నిద్ర రాలేదా? తర్వాత లేదమ్మా. అక్కడితో అయిపోయింది. కళ్ళు మూసుకో.

కథేమో కంచికి,
మనమేమో ఇంటికి,
షావుకారు నిద్దరకి,
ఆడవాళ్ళు చీకటికి.