ఓబులమ్మ గోడ

గోడలకు సున్నం వేసే ఓబులమ్మ తన ఇంటి గోడ మీద రోజూ బొగ్గుతో కథ రాసేది. దారిన పోయేవాళ్లు ఆగి చదివేవారు. ఆస్థానకవి గజపతిశర్మ దాన్ని లేఖకుడి చేత తాటాకులకెక్కించి, తన కథేనని రాజుకు అంకితమిచ్చాడు. రాజు కవి కాలికి గండపెండేరం తొడగబోతుండగా ఓబులమ్మ సభకొచ్చింది.

"కథ నాది ప్రభూ! యువరాణి స్వయంవరం ఘట్టం చదివించండి, తేలిపోతుంది."

కవి గొంతు సవరించుకుని అందుకున్నాడు. "యువరాణి వరమాల ఎత్తి, చిరునవ్వుతో... ఈ గోడ మీద పిడకలు కొడితే ఊరుకోను!"

సభ గొల్లుమంది.

"అందులో గూఢార్థముంది!" అన్నాడు కవి.

"ఏమీ లేదు ప్రభూ. అది మా పక్కింటావిడ కోసం రాశాను. ఆవిడా చదవలేదు, ఈయనా చదవలేదు."

రాజు నవ్వాపుకోలేక గండపెండేరం ఓబులమ్మకిచ్చి, కవిని ఆ గోడకు కాపలా పెట్టాడు. మళ్లీ దాని మీద పిడక పడితే ఒట్టు!