ప్రాణవేరు తూకం

అనగనగా ఒక రాజు, ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. రాణిగారు మంచం పట్టింది. ముద్ద మింగలేదు, లేచి కూర్చోలేదు. ఏడు సముద్రాల అవతల ధూమజటుడనే మాంత్రికుడి తోటలో ప్రాణవేరు దొరుకుతుందన్నారు. పెద్దాడు వెళ్ళాడు, రాలేదు. నడిపివాడు వెళ్ళాడు, రాలేదు. ఇక చిన్నాడు కువలయుడు బయల్దేరాడు. వాడికి భయం లేదనుకున్నారా? అయ్యో, గుమ్మం దాటేలోగా మూడుసార్లు వెనక్కి తిరిగి చూశాడు!

ఏడు సముద్రాలూ దాటి మాంత్రికుడి వాకిట్లో అడుగుపెట్టాడు. అరుగు మీద అన్నలిద్దరూ పడి ఉన్నారు. కళ్ళు తెరిచే ఉన్నాయి, పెదాలు నీలం, ఒళ్ళు మంచుగడ్డ. కువలయుడికి పైప్రాణాలు పైనే పోయాయి.

"ఏం చేశావు మా అన్నల్ని?"

"నేనేం చేశానయ్యా? వేరు రుచి చూస్తామన్నారు, చెరో పిడికెడు నమిలారు" అని ఇకిలించాడు ధూమజటుడు. "ఇదిగో, నువ్వూ తీసుకుపో. పిడికెడు దంచి మీ అమ్మకు పట్టు. మంచి మందు ఎంత పడితే అంత మంచిది!"

వేరు చేతికొచ్చింది. కానీ ఎంత పట్టాలి? ఎక్కువైతే అమ్మ కూడా ఇలాగే...

అప్పుడు చూరు మీది ఉడుత కిచకిచమంది. "రాజకుమారా, వాడి ప్రాణం ఆ పంజరంలో చిలకలో ఉంది. దానికి రోజూ పెట్టేదీ ఈ వేరే!"

కువలయుడు చటుక్కున చిలకను ఒడిసిపట్టి, పిడికెడు వేరు దాని ముక్కు దగ్గర పెట్టాడు. "మంచి మందు కదా, దీనికీ పెడతా!"

"వద్దు బాబోయ్, చస్తాను!" మాంత్రికుడు నేలమీద పడి దొర్లాడు. "చిలకకైతే ఆవగింజంత! మనిషికైతే గురివింద గింజ ఎత్తు, రోజుకు ఒక్కసారే!"

"మరి మా అన్నలకు విరుగుడు?"

మాంత్రికుడు లోపలి గది వైపు వేలు చూపించాడు. వాడు చెరబట్టిన రాజకుమార్తె మధూలిక పరుగున విరుగుడు తెచ్చి వాళ్ళ నోట్లో పోసింది. అన్నలు మూలుగుతూ లేచారు. మాంత్రికుడు మళ్ళీ ఎవరి జోలికీ రాకుండా చిలకను కూడా పట్టుకుని, అందరూ ఇల్లు చేరారు.

కంసాలి త్రాసు తెప్పించి, ఒక తట్టలో గురివింద గింజ, రెండో తట్టలో వేరు పెట్టి తూచారు. మూడోనాటికి రాణిగారు లేచి కూర్చుంది.

"రవ్వంతకే ఇంత బాగుంటే, ఇంకాస్త పెట్టరా నాయనా!"

కువలయుడు నోరు తెరిచేలోగానే అన్నలిద్దరూ గావుకేక పెట్టారు.

"చాలమ్మా, చాలు!"

రాణిగారు కోలుకుంది. కువలయుడు మధూలికను పెళ్ళాడి చాలా ఏళ్ళు రాజ్యమేలాడు. చిలకకు ఆవగింజంత వేరు మాత్రం రోజూ తనే పెట్టేవాడు. ఎక్కువైతే మాంత్రికుడి ప్రాణం పోతుందని, పెట్టిన ప్రతిసారీ త్రాసులో తూచేవాడట. కథ కంచి దారి పట్టింది, మీరిక పక్కల దారి పట్టండి.